అణు ఉగ్రవాదం: లెక్క తప్పిన చోటే ముప్పు

న్యూజిలాండ్ వంద డాలర్ల నోటు మీద కనిపించే పెద్దమనిషి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. 1871లో నెల్సన్ సమీపంలోని బ్రైట్‌వాటర్ అనే పల్లెలో పుట్టి, క్రైస్ట్‌చర్చ్‌లో చదివి, పరమాణువు నడుమ కేంద్రకం ఉన్నదని 1911లో లోకానికి చాటిన మహనీయుడు. ఆల్ఫా, బీటా, గామా కిరణాలకు ఆ పేర్లు పెట్టినది ఆయనే. అణుయుగానికి తలుపు తీసిన అటువంటి శాస్త్రజ్ఞుణ్ణి కన్న దేశమే, 1987లో చట్టం చేసి, తన నేలమీదికి గాని తన జలాలలోకి గాని అణ్వాయుధాలను రానివ్వనని ప్రకటించింది. అణుశక్తితో నడిచే ఓడలకు సైతం ఇక్కడ ప్రవేశం లేదు. అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు.

అందువల్ల రోటోటూనాలో పండుగనాడు నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరినప్పుడు అణు ఉగ్రవాదం ప్రస్తావన వస్తే, “ప్రపంచానికి ఈ కొసన ఉన్న మనకెందుకండీ ఆ భయం?” అనే ప్రశ్న వినిపించడం సహజం. ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి జవాబు వెతకడానికి హిరోషిమా దాకా పోనక్కరలేదు. మన కొల్లేటి ప్రాంతంలోని కలిదిండి దాకా వెళితే చాలు.

కలిదిండి చేరిన పెట్టె

2019 జనవరిలో ఓఎన్‌జీసీ సంస్థకు చెందిన ఒక పెట్టె రవాణాలో కనిపించకుండా పోయింది. ఆ పెట్టెలో ఉన్నది సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. చమురు, సహజవాయువుల కోసం తవ్విన బావిలోకి దీనిని దించుతారు. దాని నుండి వెలువడే గామా కిరణాలు చుట్టూ ఉన్న రాతిపొరలకు తగిలి చెదిరి ఎంత మేరకు తిరిగి వస్తున్నాయో కొలిచి, ఆ పొరల సాంద్రతను అంచనా కడతారు. ఇలా ఒక పనికోసం భద్రంగా బిగించి ఉంచిన రేడియోధార్మిక పదార్థాన్ని ఆ రంగంలోని వారు ‘సోర్సు’ అంటారు.

పోలీసులు గాలించగా, ఆ పెట్టె నాటి కృష్ణా జిల్లా, నేటి ఏలూరు జిల్లాలోని కలిదిండిలో ఒక పాత ఇనుప సామాను కొట్టులో దొరికింది. అదృష్టవశాత్తు ప్రాణహాని జరగలేదు. కొట్టువాని కళ్ళకు అది తూకం వేసి కొనదగిన లోహం మాత్రమే. అతడు ఉగ్రవాది కాడు, నేరస్థుడు కూడా కాడు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. అమాయకుని చేతికి అంత సులువుగా అందిన వస్తువు, దాని స్వభావం తెలిసి దుర్బుద్ధితో వెతికేవాని చేతికి అందదని హామీ ఏమున్నది?

ఇది మన జిల్లాకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 2023 జనవరిలో, మనకు సముద్రం అవతల ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఒక గనినుండి పెర్త్ నగరానికి లారీలో వస్తున్న పరికరంలోనుండి సీసియం-137 గుళిక జారిపడిపోయింది. దాని పొడవు 8 మిల్లీమీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు. అంటే పెసరగింజకు కాస్త పెద్దన్న! దారి పొడవు 1,400 కిలోమీటర్లు. రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు అమర్చిన వాహనంతో వెతికి, ఫిబ్రవరి 1న న్యూమన్ పట్టణ సమీపంలో రోడ్డు పక్కన దానిని పట్టుకున్నారు.

వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇటువంటి సంఘటనలను నమోదు చేసే పట్టికను 1995 నుండి నిర్వహిస్తున్నది. 1993 మొదలు 2023 చివరివరకు అందులో చేరిన సంఘటనలు నాలుగు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అక్రమ రవాణాతోగాని దుర్వినియోగంతోగాని సంబంధం ఉన్నవి, ఉన్నట్టు బలంగా తోచినవి సుమారు 350. దొంగతనాలలో సగానికి పైగా జరిగినది రవాణా సమయంలోనే. కలిదిండి ఉదంతాన్ని ఈ వెలుగులో చూడాలి.

బాంబు వేరు, ‘మురికి బాంబు’ వేరు

అణు ఉగ్రవాదం అనగానే మన కళ్ళముందు పుట్టగొడుగు మేఘం నిలుస్తుంది. నిజానికి ఈ మాటకింద వేర్వేరు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, ఏదైనా దేశపు అణ్వాయుధాన్ని అపహరించడం. రెండు, విచ్ఛిత్తి చెందే పదార్థాన్ని సంపాదించి సొంతంగా ఆయుధం తయారుచేయడం. మూడు, అణు విద్యుత్ కేంద్రాలపై దాడి. నాలుగు, సాధారణ పేలుడుతో రేడియోధార్మిక పదార్థాన్ని వెదజల్లడం. ఈ చివరిదానినే ‘మురికి బాంబు’ అంటారు.

మొదటి రెండింటి ఫలితం ఊహకందనంత ఘోరం. అయితే వాటికి అడ్డంకులూ అంత పెద్దవే. ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి అనువైన యురేనియం-235 కేవలం 0.7 శాతం. ఆయుధానికి దానిని ఎంతో అధిక స్థాయికి శుద్ధి చేయాలి. అందుకు కావలసినవి ఒక ప్రభుత్వం మాత్రమే భరించగల కర్మాగారాలు. హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పేరు విని కొందరు ఉలిక్కిపడతారు. అక్కడ మన భారజల రియాక్టర్లకు తయారుచేసే ఇంధనం సహజ యురేనియమే. కడప జిల్లా తుమ్మలపల్లె గనినుండి వచ్చేదీ సహజ యురేనియమే. దానిని దొంగిలించినవానికి బాంబు చేతికి రాదు.

కాబట్టి ఇక్కడ కావలి కాయవలసినది ఇప్పటికే అధికంగా శుద్ధి అయి ఉన్న యురేనియంను, ప్లుటోనియంను. 25 కిలోల శుద్ధ యురేనియం-235 గాని 8 కిలోల ప్లుటోనియం గాని లెక్కకు రాకపోతే, ఒక ఆయుధానికి సరిపడేంత పోయినట్టే భావించాలని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొలత పెట్టుకున్నది. ఉన్న నిల్వలను తగ్గించడమే అన్నింటికన్న మంచి కావలి. 1994లో కజకిస్తాన్‌లో సరైన రక్షణ లేకుండా మిగిలిపోయిన సుమారు 600 కిలోల ఆయుధయోగ్య యురేనియంను, ఆ దేశ సమ్మతితోనే, అమెరికా విమానాలలో తరలించి భద్రపరిచింది. ట్రాంబేలోని మన తొలి పరిశోధక రియాక్టరు ‘అప్సర’ 1956 నుండి అధిక శుద్ధి ఇంధనంతో నడిచింది. 2018లో దాని స్థానంలో మొదలైన కొత్త ‘అప్సర’ తక్కువ శుద్ధి ఇంధనంతో నడుస్తుంది. దొంగకు పనికివచ్చే సొత్తు ఇంట్లో లేకుండా చేసుకోవడమన్నమాట.

ఇక మురికి బాంబు. ఇందులో అణువిచ్ఛిత్తి లేదు, పుట్టగొడుగు మేఘం లేదు. చాలా సందర్భాలలో ప్రాణాలు తీసేది పేలుడే గాని రేడియేషన్ కాదని నిపుణుల అంచనా. ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ దీనిని ప్రయోగించి కృతకృత్యులు కాలేదు. కాని ప్రయత్నించే మనస్సులు ఉన్నాయి. 1995లో చెచెన్ వేర్పాటువాదులు మాస్కోలోని ఇజ్మైలోవ్‌స్కీ ఉద్యానంలో సీసియం ఉన్న పొట్లాన్ని పాతిపెట్టి, తామే టెలివిజన్‌వారికి ఆచూకీ చెప్పారు. వారు పేల్చలేదు, భయపెట్టారు. మురికి బాంబు అసలు ఆయుధం ఈ భయమే.

నీలి వెలుగు నేర్పిన పాఠం

ఆ భయం ఎంతటిదో తెలియాలంటే, ఉగ్రవాదులెవరూ లేకుండానే జరిగిన ఒక దుర్ఘటనను తలచుకోవాలి. బ్రెజిల్ దేశంలోని గోయానియా నగరంలో ఒక క్యాన్సర్ చికిత్సాలయం భవనం ఖాళీ చేసి పోతూ, పాత చికిత్సాయంత్రాన్ని అక్కడే వదిలివేసింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు దానిని విప్పి లోహం కోసం పాత సామానుల వ్యాపారికి అమ్మారు. అందులోని 93 గ్రాముల సీసియం పొడి చీకటిలో నీలంగా మెరిసింది. ఆ అందానికి ముచ్చటపడి బంధువులకు, ఇరుగుపొరుగుకు పంచిపెట్టారు. ఆరేళ్ళ పాప దానిని ఒంటికి పూసుకొని ఆడుకున్నది, ఆ చేతులతోనే అన్నం తిన్నది. ఆ పాపతో సహా నలుగురు మరణించారు. 249 మందికి ధూళి సోకినట్టు తేలింది. ఫుట్‌బాల్ మైదానంలో లక్షా పన్నెండు వేల మందికి పైగా పరీక్షల కోసం వరుసకట్టారు. సీసపు శవపేటికలో ఉన్న ఆ పసిపాప అంత్యక్రియలను అడ్డుకుంటూ జనం రాళ్ళు రువ్వారు. 93 గ్రాముల పొడి ఒక నగరం మనస్సును ఎంతగా కలచివేసిందో చూడండి.

మన దేశంలోనూ ఇటువంటిదే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1980ల నడుమ నుండి వాడకుండా మూలపడి ఉన్న ఒక గామా యంత్రాన్ని 2010లో పాత సామానుతో పాటు వేలం వేశారు. అది మాయాపురి మార్కెట్‌కు చేరింది. పనివారు దానిని కోసి ముక్కలు చేశారు. లోపల ఉన్నది కోబాల్ట్-60. మెరిసే ముక్క ఒకటి ఒక వ్యాపారి జేబులోని పర్సులోకి చేరింది. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు.

కలిదిండి, గోయానియా, మాయాపురి. మూడింటిలోనూ సోర్సు చేరినది పాత ఇనుప సామాను కొట్టుకే. మూడింటిలోనూ ఎక్కడో ఒక చోట లెక్క తప్పింది. సీసియం-137 తీవ్రత సగానికి తగ్గడానికి సుమారు 30 సంవత్సరాలు పడుతుంది. దానిని కొన్న ఆచార్యుడు పదవీ విరమణ చేస్తాడు, తాళంచెవి ఉన్న గుమాస్తా బదిలీ అవుతాడు, చిట్టా పుస్తకం చెదలు తింటుంది. సోర్సు మాత్రం తన ధర్మాన్ని తాను నెరవేరుస్తూనే ఉంటుంది. మనిషి జ్ఞాపకం కన్న దాని ఆయుష్షు ఎక్కువ. అసలు చిక్కు ఇక్కడున్నది.

లెక్కే కావలి

ఈ చిక్కుకు విరుగుడు తుపాకులు కావు, చిట్టాలు. పుట్టిననాటినుండి భూగర్భంలో భద్రపరచేనాటివరకు ప్రతి సోర్సు ఎక్కడ ఉన్నదో, ఎవరి అధీనంలో ఉన్నదో నమోదై ఉండాలి. న్యూజిలాండ్‌లో 2016 నాటి రేడియేషన్ భద్రతా చట్టం ఈ బాధ్యతను నిర్దేశిస్తున్నది. భారతదేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు ఇచ్చి తనిఖీలు చేస్తున్నది. సోర్సులను ప్రమాద తీవ్రతనుబట్టి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐదు తరగతులుగా విభజించింది. మొదటి తరగతివాటికి కాపలా అతి కట్టుదిట్టం. ఐదవ తరగతివాటికి సాధారణ జాగ్రత్త చాలు.

అంతర్జాతీయ స్థాయిలోనూ కట్టుబాట్లు ఉన్నాయి. ఉగ్రవాదుల చేతికి ఇటువంటి పదార్థాలు పోకుండా ప్రతి దేశమూ చట్టాలు చేసుకోవాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2004లో 1540వ తీర్మానం చేసింది. అణు ఉగ్రవాద చర్యలను నేరాలుగా నిర్వచించిన ఒప్పందం 2007లో అమలులోకి వచ్చింది. అణుపదార్థాల రక్షణకు సంబంధించిన పాత ఒప్పందం ప్రధానంగా దేశాల మధ్య రవాణాను దృష్టిలో ఉంచుకొన్నది. దేశం లోపలి నిల్వలకు, వాడుకకు కూడా దానిని విస్తరించిన సవరణ 2016లో అమలులోకి వచ్చింది. 2010 నుండి 2016 వరకు నాలుగుసార్లు జరిగిన అణుభద్రతా శిఖరాగ్ర సమావేశాలలో భారతదేశమూ న్యూజిలాండూ పాల్గొన్నాయి.

సోర్సు అవసరమే లేకుండా చేయడం మరొక మార్గం. మనకు దగ్గరలోని వైకాటో ఆస్పత్రిలో క్యాన్సర్‌కు కిరణచికిత్స చేసే లీనియర్ యాక్సిలరేటర్లు విద్యుత్తుతో పనిచేస్తాయి. మీట ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. దొంగ ఎత్తుకుపోవడానికి లోపల కోబాల్ట్ ఉండదు. అయితే నిలకడైన విద్యుత్తు, నిపుణులు కొరవడిన చోట కోబాల్ట్ యంత్రమే ఇప్పటికీ పేదరోగికి ప్రాణదాత అన్న సత్యాన్నీ మరువరాదు. అక్కడ యంత్రాన్ని తీసివేయడం కాదు, దాని లెక్కను కాపాడడమే ధర్మం.

రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు మూడవ రక్ష. ఓడరేవులలో, సరిహద్దులలో, పాత ఇనుము కరిగించే కర్మాగారాల ద్వారాల వద్ద వీటిని నిలుపుతారు. హైదరాబాదులోని ఇసిఐఎల్ ఇటువంటి పరికరాలను తయారుచేసే సంస్థలలో ఒకటి కావడం మనకు గర్వకారణం.

ఇంటిదొంగను పట్టేదెవరు?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు అన్నారు. 1992లో మాస్కో సమీపంలోని పొదోల్స్క్‌లో ఇది అక్షరాలా జరిగింది. అక్కడి అణుకర్మాగారంలో పనిచేసే ఒక ఇంజనీరు, తయారీలో కొద్దిపాటి తరుగును అధికారులు అనుమతిస్తారని తెలిసి, ప్రతిసారీ ఆ తరుగు హద్దులోపలే కొన్ని గ్రాముల చొప్పున అధిక శుద్ధి యురేనియంను ఇంటికి చేరవేశాడు. అలా కిలోన్నర పోగయింది. కర్మాగారానికి అనుమానమే రాలేదు. వేరొక చిల్లర దొంగతనంలో పట్టుబడిన పొరుగువారితో పాటు ఉండగా అతడు యాదృచ్ఛికంగా దొరికిపోయాడు. గోడ ఎత్తు పెంచితే ఇటువంటివాడు ఆగడు. ప్రతి గ్రామునూ తూచే లెక్క, ముఖ్యమైన తలుపు తీయడానికి ఇద్దరి తాళంచెవులు కావాలన్న నియమం, పక్కవాని తీరు తేడాగా ఉన్నప్పుడు చెప్పగల వాతావరణం కావాలి. ఆస్పత్రులలో, ప్రయోగశాలలలో, ఇంజనీరింగ్ సంస్థలలో పనిచేసే మన తెలుగువారందరికీ ఈ మాట వర్తిస్తుంది. సంవత్సరాంతపు సోర్సుల తనిఖీని కేవలం సంతకాల తతంగంగా చూడకండి. ఆ సంతకమే కావలివాడు.

ఆక్లండ్ రేవులో ఒక రాత్రి

ఈ దేశం కూడా ఉగ్రచర్య ఎరుగనిది కాదు. 1985 జూలై 10 రాత్రి ఆక్లండ్ రేవులో ఉన్న గ్రీన్‌పీస్ వారి ‘రెయిన్‌బో వారియర్’ నౌక రెండు పేలుళ్ళతో మునిగిపోయింది. మొరురోవా దీవిలో ఫ్రాన్సు జరుపుతున్న అణుపరీక్షలను నిరసించడానికి బయలుదేరవలసిన నౌక అది. ఫెర్నాండో పెరీరా అనే ఛాయాచిత్రకారుడు ప్రాణాలు కోల్పోయాడు. పేల్చినది ఏ ముఠావారో కాదు, ఫ్రెంచి ప్రభుత్వపు గూఢచారులు. వారిలో ఇద్దరు పట్టుబడడానికి దారి చూపినది ఏ ఉపగ్రహమూ కాదు. పడవల క్లబ్బు వద్ద దొంగలకోసం కాపలా ఉన్న స్థానికులు, వేళకాని వేళ ఒక వ్యాను తిరుగాడుతుండగా అనుమానించి దాని నంబరు రాసిపెట్టుకున్నారు. ఆ నంబరే పోలీసులను నేరస్థుల వద్దకు చేర్చింది.

ఒక కాగితం మీద ఒక నంబరు. ఇదికూడా లెక్కే!

ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసినవి

రోడ్లు వేసేటప్పుడు నేల గట్టిదనాన్ని కొలిచే పరికరాలలో, పాతకాలపు పొగహెచ్చరిక డబ్బాలలో కూడా రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. పొగ డబ్బాలో ఉన్నది అత్యల్పం, భయపడనక్కరలేదు. అయితే పసుపు రంగు మీద మూడు నల్ల రెక్కల గుర్తును పిల్లలకు తప్పక చూపించండి. ఆ గుర్తు అర్థం కానివారి కోసం 2007లో మరొక గుర్తు వచ్చింది. ఎర్రని త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మ ఉంటాయి. ఇటువంటి గుర్తున్న వస్తువు ఎక్కడైనా పడి ఉంటే తాకరాదు, కదపరాదు. దూరంగా జరిగి ఇక్కడైతే 111కు, భారతదేశంలోనైతే 112కు తెలపాలి. దూరం రెండింతలైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి పది అడుగులు వెనక్కి వేయడమే ప్రథమ చికిత్స.

ఒకవేళ రేడియోధార్మిక ధూళి వెదజల్లబడినట్టు తెలిస్తే, కారెక్కి పారిపోవడం తప్పు. దగ్గరలోని గట్టి భవనంలోకి వెళ్ళి, తలుపులు, కిటికీలు మూసి, లోపలే ఉండాలి. పైబట్టలు నెమ్మదిగా విడిచి సంచిలో కట్టి దూరంగా ఉంచాలి. ఈ ఒక్క పనితోనే ఒంటిమీది ధూళిలో 90 శాతం వరకు తొలగిపోవచ్చు. తరువాత సబ్బుతో, గోరువెచ్చని నీటితో స్నానం చేయాలి. చర్మం గీసుకొనేలా రుద్దరాదు. తలకు కండిషనర్ రాయరాదు. ధూళి వెంట్రుకలకు అంటుకుపోతుంది. పిల్లలు బడిలో ఉంటే బడిలోనే క్షేమం. వారికోసం వీధిలోకి పరుగెత్తరాదు. అయోడిన్ మాత్రలు రేడియోధార్మిక అయోడిన్ నుండి థైరాయిడ్ గ్రంథిని కాపాడగలవే గాని సీసియం, కోబాల్ట్‌లపై పనిచేయవు. అధికారులు చెప్పనిదే మింగకూడదు. సెల్‌ఫోనుకు వచ్చే అధికారిక అత్యవసర హెచ్చరికను, రేడియోను నమ్మండి. వాట్సాప్‌లో తిరిగే వదంతిని మరొకరికి పంపకండి. మురికి బాంబు వేసేవానికి కావలసిన భయాన్ని మనమే ఉచితంగా మోసిపెట్టినట్టవుతుంది.

మరొక మాట. గామా కిరణాలు సోకినంత మాత్రాన మనిషి రేడియోధార్మికుడైపోడు. ధూళి అంటినవాడు కడుక్కుంటే శుభ్రపడతాడు. గోయానియా ప్రజలకు ఈ రెండు వాక్యాలు ముందే తెలిసి ఉంటే, పసిపాప శవపేటిక మీద రాళ్ళు పడి ఉండేవి కావు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు తెలియని సామెత కాదు. ఈ ఏడు సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడు, మీ ఊరి పాత ఇనుప సామాను కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ మూడు రెక్కల గుర్తును కాగితం మీద గీసి, అక్కడ పనిచేసే కుర్రవానికి చూపించి, “బాబూ, ఈ బొమ్మ ఉన్న వస్తువు వస్తే ముట్టుకోవద్దు, 112కు ఫోను చెయ్యి” అని చెప్పండి. రూథర్‌ఫర్డ్ పుట్టిన దేశంనుండి మోసుకువెళ్ళదగిన కానుకలలో ఇంతకన్న విలువైనది మరొకటి ఉండదు.